పొట్లములుగా పోవు పలుకు: ఇంటర్నెట్ టెలిఫోను మర్యాదల కథ

హైదరాబాదు నుండి పడమటగా వికారాబాదు దిక్కునకు పోవు రోడ్డుమీద మొదట మొయినాబాదు, దానిని దాటిన పిదప చేవెళ్ల వచ్చును. మర్రిచెట్లకు పేరుపడిన రోడ్డు అది. చేవెళ్ల ప్రాంతపు తోటలలో కోసిన పూలు, కూరగాయలు ఈ దారినే నగరమునకు పోవును. పూలగంపలు గుడిమల్కాపూరు బజారుకు వేళకు చేరవలెను. బేరములు ముగిసిన పిదప చేరిన పూలకు వెల లేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో మనకు పని ఉన్నది.

ఒక కార్యాలయమునకు చేవెళ్లలో ఒక శాఖయు, మొయినాబాదులో ఒక శాఖయు ఉన్నవనుకొందము. చేవెళ్లలోని గుమాస్తా బల్లమీద ఒక టెలిఫోను ఉన్నది. చూపునకు అది వెనుకటి టెలిఫోనువలెనే ఉండును. చేత పట్టుకొను రిసీవరు, అంకెల మీటలు, మ్రోగు గంట, అన్నియు ఉన్నవి. దాని వెనుక భాగమును చూచినప్పుడు మాత్రము తేడా తెలియును. అందుండి బయలుదేరిన తీగె టెలిఫోను లైనులో కలియక, కంప్యూటరు తీగెలు పోవు చోటికే పోవుచున్నది. గుమాస్తా "హలో" అనును. మొయినాబాదులో మరియొకరు "చెప్పండి" అందురు. వారిద్దరికిని ఇందులో వింత యేమియు తోచదు.

కాని జరిగినది వింతయే. అర సెకండు పట్టిన ఆ "హలో" ఒక్క ముక్కగా పోలేదు. అది సుమారు 25 ముక్కలైనది. ప్రతి ముక్కను ఒక కవరులో పెట్టి, దానిపై విలాసమును, వరుస సంఖ్యను, కాలమును వ్రాసి యంత్రము పంపినది. అవి వేర్వేరు ఉత్తరములవలె బయలుదేరి, అవతల మరల వరుసగా చేర్చబడి, గొంతుగా మారినవి. కవరుపై ఏమి వ్రాయవలెను, ఎవరు ముందు పిలువవలెను, అవతలివారు ఎట్లు బదులీయవలెను, ఎట్లు సెలవు పుచ్చుకొనవలెను అను కట్టుబాట్లకు ప్రోటోకాలులని పేరు. యంత్రములు తమలో తాము పాటించు మర్యాదలని మనము చెప్పుకొనవచ్చును. ఈ మర్యాదలు ఎందుకు ఇట్లే పుట్టినవి, మన ఊళ్లకు ఎట్లు వచ్చినవి, వాని వలన మనము పొందినదేమి, విడిచినదేమి అనునది ఈ వ్యాసమునకు విషయము.

దారి అంతయు ఒక్కరికే

గ్రాహంబెల్ టెలిఫోనుకు 1876లో పేటెంటు పొందెను. ఆరేండ్లలోనే అది మన దేశమునకు వచ్చినది. 1882 జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. ఒకరు మరియొకరితో మాటలాడవలెనన్నచో, ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు ఒకరి తీగెను మరియొకరి తీగెకు చేతితో కలుపవలెను. కలిపిన క్షణమునుండి విడదీయువరకు ఆ దారి అంతయు ఆ ఇద్దరిదే. వారు మాటలాడినను, ఊరకున్నను మరియొకరు దానిని వాడుకొనుటకు వీలులేదు.

పెద్దవారిని అడిగినచో ట్రంకు కాల్ కథలు చెప్పుదురు. దూరపు ఊరికి మాటలాడవలెనన్న ముందుగా బుక్ చేసి, గంటల తరబడి ఎదురుచూడవలసి వచ్చెడిది. ఇందుకు ఆపరేటరుల అలసత్వము కారణము కాదు. రెండు ఊళ్ల మధ్య లైన్లు కొన్నియే. ఒక్కొక్క సంభాషణ ఒక్కొక్క లైనును పూర్తిగా ఆక్రమించును. ఉన్న లైన్లన్నియు నిండినచో తరువాతివారు వేచియుండక తప్పదు. 1960 నవంబరులో లక్నో, కాన్పూరు నగరముల మధ్య మన దేశములో మొదటిసారిగా ఎస్.టి.డి. వచ్చినది. ఆపరేటరు పనిని యంత్రము చేయసాగినది. అయినను మూలసూత్రము మారలేదు. ఒక బండి పోవుటకు రోడ్డంతయు ఖాళీ చేయించుట వంటిదే అది. అందులో దుబారా ఉన్నది. అభయము కూడ ఉన్నది. ఒకసారి దారి దొరికిన పిదప నడుమ ఎవరును అడ్డురారు.

గొంతు అంకెలైన విధము

ముక్కలు చేయుటకు ముందు గొంతు అంకెలుగా మారవలెను. అలెక్ రీవ్స్ అను ఆంగ్ల ఇంజనీరు 1937లో పారిస్ నగరమున పనిచేయుచు ఇందుకు మార్గము కనిపెట్టెను. మాటతోపాటు తీగెలోని విద్యుత్తు హెచ్చుచు తగ్గుచు ఉండును. ఆ హెచ్చుతగ్గులను సెకండునకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 256 మెట్లలో ఒక మెట్టుగా వ్రాసికొన్నచో చాలును. అవతల ఆ అంకెలనుండి మరల గొంతును నిలుపవచ్చును. 256 మెట్లను గుర్తించుటకు 8 బిట్లు కావలెను. ఎనిమిదివేలను ఎనిమిదిచే గుణింపగా సెకండునకు 64,000 బిట్లు అగును. ఈనాటి డిజిటల్ టెలిఫోనుకు ఇదియే కొలమానము. ఈ 256 మెట్ల పద్ధతినే అంతర్జాతీయ టెలిఫోను సంఘము 1972లో జి.711 అను పేర ప్రమాణముగా స్వీకరించినది.

మన దేశములో ఈ అంకెల విద్యను పల్లెకు తెచ్చిన సంస్థ 1984 ఆగస్టులో స్థాపింపబడిన సి-డాట్. అచ్చటి ఇంజనీరులు 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని తయారుచేసిరి. చల్లని గదులు కోరక, పల్లె వేడిని, దుమ్మును ఓర్చుకొనునట్లు దానిని నిర్మించిరి. మొదటిది 1986 జూలైలో కర్ణాటకములోని కిత్తూరులో పనిలోనికి వచ్చినది. పిదప దేశమంతట వేలకొలది పల్లెలలో ఇట్టివి వెలసినవి.

అయితే ఇందులోను పాత సూత్రమే నిలిచినది. సెకండునకు సుమారు 20 లక్షల బిట్లు మోయు లైనును 32 వాటాలు చేసి, రెండింటిని యంత్రముల పనులకు ఉంచుకొని, 30 వాటాలను 30 సంభాషణలకు ఇచ్చిరి. వాటా పుచ్చుకొన్నవారు మౌనముగా నున్నను ఆ వాటా వారిదే. ముప్పదియొకటవవాడు వేచియుండవలసినదే.

పొట్లముల ఆలోచన

1960 ప్రాంతమున అమెరికాలో పాల్ బారన్, కొలది యేండ్ల పిదప ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్, ఒకరి సంగతి మరియొకరికి తెలియకయే ఒకే ఆలోచనకు వచ్చిరి. సమాచారమును చిన్న పొట్లములుగా కట్టి, ప్రతి పొట్లముపై చేరవలసిన విలాసమును వ్రాసి, ఖాళీగా నున్న ఏ దారినైనను పంపవచ్చును. దారి ఎవరిదియు కాదు, అందరిదియు. దీనికి "ప్యాకెట్" అను పేరు పెట్టినవాడు డేవీస్. ఈ పద్ధతిపై నిర్మింపబడిన ఆర్పానెట్‌లో 1969 అక్టోబరు 29వ తేదీన మొదటి అక్షరములు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు పోయినవి.

కంప్యూటరులకు ఇది చక్కగా సరిపోయినది. కంప్యూటరు ఒక క్షణము చాల పంపును, పిదప చాలసేపు ఊరకుండును. దానికొరకు ఒక దారిని రోజంతయు కట్టిపెట్టుట వ్యర్థము. అయితే గొంతు మాట యేమి? ప్యాకెట్లు దారిలో వరుసలో నిలువవలసివచ్చును. ఒకటి ముందు, ఒకటి వెనుక చేరును. కొన్ని దారి తప్పిపోవును. ఇట్టి దారిన సంభాషణ సాగునా? సాగదని పలువురు టెలిఫోను ఇంజనీరులు నమ్మిరి.

పూలగంప, దస్తావేజు

ఇచ్చట చేవెళ్ల పూలను తలచుకొందము. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఒక దస్తావేజు నకలు పంపవలెననుకొనుడు. అందులో ఒక్క సర్వే నంబరు తప్పిపోరాదు. ఒక పుట కనబడకున్న, మరల తెప్పించి జతపరచవలెను. ఒక రోజు ఆలస్యమైనను నష్టము లేదు; తప్పు మాత్రము పనికిరాదు. పూల సంగతి వేరు. నూరు గంపలలో ఒకటి దారిలో పడిపోయినను బజారు సాగును. పడిన గంపకొరకు లారీని వెనుకకు త్రిప్పి, తక్కిన తొంబదితొమ్మిది గంపలను నిలిపియుంచినవాడు తెలివితక్కువవాడు.

ఆనాటి ఇంటర్నెట్ రూపకర్తలు వ్రాసిన టి.సి.పి. అను మర్యాద దస్తావేజులకు తగినది. ఏ ప్యాకెట్ రాకున్నను అది మరల అడుగును. వచ్చువరకు తక్కినవానిని ఆపును. గొంతు పూలవంటిది. యాబదియవ వంతు సెకండు ముక్క ఒకటి తప్పిపోయినను చెవి గ్రహింపదు. మాట అర సెకండు ఆగినచో మాత్రము ఇద్దరును ఒకేసారి మాటలాడుదురు, ఒకేసారి ఆగుదురు, సంభాషణ చెడును.

ఈ భేదమును ప్రయోగముతో నిరూపించినవారిలో ముఖ్యుడు డానీ కోహెన్. ఆయన కాలిఫోర్నియాలోని ఒక పరిశోధనాలయమున పనిచేసెడివాడు. 1974లో ఆయనయు సహోద్యోగులును అమెరికా పడమటి తీరమునుండి తూర్పున నున్న లింకన్ ప్రయోగశాలకు ఆర్పానెట్ ద్వారా గొంతును పంపిరి. అప్పటి లైన్లు సెకండునకు 50,000 బిట్లు మాత్రమే మోయగలవు. టెలిఫోను గొంతుకు 64,000 కావలెను. దారికంటె బండి పెద్దదైనది! అందుచేత గొంతునే కుదింపవలసివచ్చినది. అదే యేడు డిసెంబరులో జరిగిన ప్రయోగములో గొంతును సెకండునకు 3,500 బిట్లకు కుదించిరి. తరంగమును ఉన్నదున్నట్లు పంపక, గొంతు, నోరు ఆ ధ్వనిని పుట్టించు తీరును కొలది సంఖ్యలలో చెప్పు ఉపాయమది. ఈ ఉపాయమును తీర్చిదిద్దిన శాస్త్రజ్ఞులలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన భారతీయుడు బిష్ణు అటల్ ఒకరు. ఆ రోజులలోనే, ఆ సైనిక పరిశోధనా సంస్థ ధనముతోనే, చిత్తూరు సీమలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, మనిషి పలుకును కంప్యూటరు గ్రహించు విద్యను కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున పెంపొందించుచుండెను. ఆయనకు 1994లో ట్యూరింగ్ బహుమతి లభించినది. గొంతును అంకెలుగా చూచుట నేర్చిన తరమది.

కోహెన్ వాదము 1978లో ఫలించినది. అంతవరకు ఒక్కటిగానున్న మర్యాదను రెండుగా చీల్చిరి. ప్యాకెట్‌ను విలాసమునకు చేర్చు పని మాత్రము ఐ.పి.కి మిగిలినది. తప్పులు దిద్దు పని టి.సి.పి.కి పోయినది. ఈ చీలిక వలన గొంతుకు వేరొక దారి దొరికినది. 1980 ఆగస్టులో యు.డి.పి. అను మర్యాద మూడు పుటల పత్రముగా వెలువడినది. అది పోయిన ప్యాకెట్‌ను మరల అడుగదు, ఎవరికొరకును ఆగదు. అది పూలగంపల మర్యాద. నేటి ఇంటర్నెట్ ఈ రూపమున నుండుటకు గల కారణములలో మనిషి గొంతు ఒకటియని విద్యార్థులు తెలిసికొనదగును.

మోయువాడు, పిలుచువాడు

యు.డి.పి. ఆగకుండ పోవునే కాని, ఏ ముక్క ముందో ఏది వెనుకో చెప్పదు. ఈ లోపమును తీర్చుటకు 1996 జనవరిలో ఆర్.టి.పి. అను మర్యాద ప్రకటింపబడినది. ప్రతి గొంతు ముక్కపై వరుస సంఖ్య, కాలసూచిక వేయుట దాని ముఖ్యమైన పని. దానిని వ్రాసిన నలుగురిలో 1974 నాటి ప్రయోగములలో పాల్గొన్న స్టీఫెన్ కాస్నర్ ఒకరు. మరియొకరు హెన్నింగ్ షుల్జ్‌రిన్నె.

గొంతును మోయుటకు మర్యాద దొరికినది. పిలుచుటకు మర్యాద యేది? ఎవరిని పిలువవలెను, వారు ఎచ్చటనున్నారు, గంట మ్రోగినదా, ఎత్తినారా అను ప్రశ్నలకు వేరు ఏర్పాటు కావలెను. 1995లో ఇశ్రాయేలుకు చెందిన వోకల్‌టెక్ అను కంపెనీ ఇంటర్నెట్‌పై మాటలాడు సాధనమును అమ్మకమునకు పెట్టినది. కాని ఇరువైపులను అదే సాధనము ఉండవలెను. 1996లో అంతర్జాతీయ టెలిఫోను సంఘము హెచ్.323 అను నియమావళిని ప్రకటించినది. పాత టెలిఫోను పద్ధతులను ఆదర్శముగా గొన్న ఆ నియమావళి బరువైనది. 1999 మార్చిలో మార్క్ హాండ్లీ, షుల్జ్‌రిన్నె, ఈవ్ స్కూలర్, జొనాథన్ రోసెన్‌బర్గ్ అనువారు "సిప్" అను సులువైన మర్యాదను వెలువరించిరి. 2002 జూనులో దానిని సవరించి స్థిరపరచిరి.

సిప్ వెబ్ పుటల మర్యాదను చూచి వ్రాసినది. అందలి సందేశములు మనుషులు చదువదగిన మాటలలోనే ఉండును. పిలుపునకు "ఇన్వైట్", సెలవునకు "బై". బదులు మూడంకెల సంఖ్య. 180 అనిన గంట మ్రోగుచున్నది. 200 అనిన ఎత్తినారు. 486 అనిన వేరొకరితో మాటలాడుచున్నారు. 404 అనిన అట్టివారు లేరు. ఈ కడపటి సంఖ్యను వెబ్‌లో పుట కనబడనప్పుడు మన విద్యార్థులు చూచియే యుందురు. రెండింటికిని మూలము ఒక్కటే.

చేవెళ్లనుండి మొయినాబాదుకు

ఇప్పుడు మన గుమాస్తా టెలిఫోను ఏమి చేయునో అడుగడుగుగా చూతము. దానిని తగిలించిన వెంటనే అది కార్యాలయపు యంత్రమునుండి తనకొక ఐ.పి. విలాసమును అడిగి పుచ్చుకొనును. పిదప సిప్ సర్వరునకు "ఫలానా నంబరు గల నేను ఈ విలాసమున ఉన్నాను" అని తెలియజేయును. ఇది పేరు నమోదు. మొయినాబాదు ఫోను కూడ అట్లే చేసియుండును. సర్వరు చేవెళ్లలో ఉండనక్కరలేదు. హైదరాబాదులో ఉండవచ్చును, ఇంకను దూరమున ఉండవచ్చును.

గుమాస్తా అంకెలు నొక్కగానే "ఇన్వైట్" సర్వరునకు పోవును. సర్వరు తన పట్టికలో మొయినాబాదు విలాసమును చూచి దానిని అచ్చటికి పంపును. ఆ పిలుపుతోపాటు ఒక చిన్న చీటీ ఉండును: నేను గొంతును ఈ ఈ పద్ధతులలో కుదింపగలను, నాకు రావలసిన ముక్కలను ఈ విలాసమునకు పంపుడు అని. అవతలి ఫోను గంట మ్రోగించి 180 పంపును. రిసీవరు ఎత్తగానే 200 పంపుచు తన చీటీ జతచేయును. చేవెళ్ల ఫోను "అందినది" అని తెలుపును. అంతటితో పెండ్లిపెద్ద పని ముగిసినది. ఏర్పాటు అనుకూలముగా ఉన్నచో, ఇక గొంతు ముక్కలు సర్వరు దరికి పోక, ఒక ఫోనునుండి మరియొక ఫోనుకు నేరుగా పోవును. పిలుపు దారి వేరు, పలుకు దారి వేరు. పాత ఎక్స్ఛేంజికిని దీనికిని గల పెద్ద భేదములలో ఇది ఒకటి.

కొంచెము లెక్క చూతము. సెకండుకు 50 ముక్కలు చేసినచో, జి.711 పద్ధతిలో ఒక్కొక్క ముక్క 160 బైట్లు. దానికి ఆర్.టి.పి. కవరు 12, యు.డి.పి. కవరు 8, ఐ.పి. కవరు 20, మొత్తము 200 బైట్లు. 200ను 50చేతను, బైటుకు 8 బిట్లు గనుక 8చేతను గుణింపగా 80,000 బిట్లు వచ్చును. 64,000 బిట్ల గొంతుకు 80,000 బిట్ల దారి కావలసివచ్చినది! వెనుకటి లైనులో 30 సంభాషణలు పట్టిన చోట ఈ లెక్కన 25 మాత్రమే పట్టును. మరి లాభమెచ్చట? గొంతును జి.729 అను పద్ధతిలో సెకండుకు 8,000 బిట్లకు కుదించినచో ఒక్కొక్క ముక్క 20 బైట్లే. 40 బైట్ల కవర్లతో కలిపి సెకండుకు 24,000 బిట్లు. అప్పుడు అదే లైనులో 85 సంభాషణలు పట్టును. ముక్కకంటె కవరు రెండింతలైనను లాభమే. అదిగాక, ఒకరు మాటలాడుచుండ మరియొకరు విందురు. మౌనమును పంపకున్నచో ఆ చోటు ఇతరులకు దక్కును. ఎవరును మాటలాడనప్పుడు ఆ దారినే కార్యాలయపు కాగితములు పోవును.

ముక్కలు ఒకటి ముందు ఒకటి వెనుక చేరుచుండగా గొంతు తడబడదా? వినువైపు ఫోను కొన్ని ముక్కలను కొంచెముసేపు నిలువజేసి, వరుస సరిచూచి, సమముగా వినిపించును. ఎక్కువసేపు నిలిపినచో మాట ఆలస్యమగును. నోటినుండి చెవికి 0.15 సెకండును మించని ఆలస్యము సంభాషణకు ఇబ్బంది కలిగింపదని అంతర్జాతీయ సంఘము నిర్ణయించినది. కార్యాలయపు యంత్రములు గొంతు ప్యాకెట్లపై ఒక గుర్తు వేసి, పెద్ద ఫైళ్ల నడుమనుండి వానిని ముందుగా పోనిచ్చును. పూలలారీకి దారి వదలిన చందమున అని చెప్పవచ్చును.

చట్టపు గోడ

శాస్త్రము సిద్ధమైనను మన దేశములో గొంతు ప్యాకెట్లకు వెంటనే దారి దొరకలేదు. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోనికి తెచ్చినది. 1998 నవంబరులో హైదరాబాదు మాదాపూరులో సైబర్ టవర్స్ తెరువబడినది. కాని 1999 నాటి నూతన టెలికాం విధానము ఇంటర్నెట్‌పై టెలిఫోనును అప్పటికి అనుమతింపలేదు. కారణము లేకపోలేదు. దూరపు కాల్స్‌పై వచ్చు ఆదాయముతోనే ఊరిలోని చౌక కాల్స్, పల్లె టెలిఫోనులు నిలిచియుండెను. దూరమునకు వెలలేని ఇంటర్నెట్ ఆ లెక్కను తలక్రిందులు చేయగలదు.

ఆ రోజులలో అమెరికాకు ఫోను చేయవలెనన్న నిమిషమునకు పదుల రూపాయలు అయ్యెడివి. మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ గుడిలో వీసాకొరకు మ్రొక్కుకొని ప్రదక్షిణలు చేసి సముద్రము దాటిన యువకులు, ఇంటివారితో గడియారము చూచుకొనుచు మాటలాడెడివారు. 2002 ఏప్రిల్ 1వ తేదీనుండి ఇంటర్నెట్ టెలిఫోనుకు పాక్షికముగా అనుమతి వచ్చినది. కంప్యూటరునుండి కంప్యూటరునకును, కంప్యూటరునుండి విదేశములలోని టెలిఫోనుకును మాటలాడవచ్చును. మన దేశములోని మామూలు టెలిఫోనుకు మాత్రము ఇంటర్నెట్ నుండి పిలువరాదు.

కార్యాలయములకు ఈ గోడ ఎక్కువ తగిలినది. ఒక కంపెనీ తన హైదరాబాదు, బెంగళూరు శాఖల మధ్య సొంత లైనుపై ప్యాకెట్లుగా మాటలాడుకొనవచ్చును. కాని హైదరాబాదునుండి ఆ లైనుపై బెంగళూరు చేరిన గొంతును అచ్చటి సామాన్య టెలిఫోనులోనికి వదలరాదు. అట్లు చేసినచో ఎస్.టి.డి. రుసుమును తప్పించుకొన్నట్లగును. అందుచేత ఒకే యంత్రములో రెండు అరలు చేసి, ఒక అర మాట రెండవ అరలోనికి పోకుండ కట్టుదిట్టము చేయవలసివచ్చెను. 2018లో ప్రభుత్వము టెలిఫోను లైసెన్సు గల కంపెనీలు ఇంటర్నెట్‌ద్వారా అన్ని నంబర్లకును పిలుపులు నడుపవచ్చునని స్పష్టపరచినది. అదే యేడు జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. "వింగ్స్" అను సేవను ప్రకటించినది. కాల్ సెంటర్ల కట్టుబాట్లు 2020 నవంబరులోను, 2021 జూనులోను చాలవరకు సడలింపబడినవి. ఆనాటికి కోవిడు వలన ఉద్యోగులు ఇండ్లనుండియే పనిచేయుచుండిరి. కార్యాలయపు టెలిఫోను కూడ వారి వెంట ఇంటికి పోయినది. ఏ ఊరిలో నున్నను సర్వరు వద్ద పేరు నమోదు చేసికొన్నచో చాలును గదా!

పల్లెకు చేరిన దారి

ఈ మర్యాదలు నగరపు కార్యాలయములతో ఆగలేదు. 2005 మార్చిలో కేంద్రప్రభుత్వము రాష్ట్రస్థాయి నెట్‌వర్కుల పథకమును 3,334 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. రాష్ట్ర రాజధానినుండి జిల్లాలకు, అచ్చటినుండి బ్లాకు స్థాయికి సెకండునకు 20 లక్షల బిట్లకు తగ్గని దారి వేయుట దాని ఉద్దేశ్యము. కాగితములు, బొమ్మలు, గొంతు, మూడును ఒకే దారిన పోవలెనని ఏర్పాటు. 2011 అక్టోబరులో గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు వేయు పథకము ఆమోదింపబడినది; అదియే పిదప భారత్‌నెట్ అను పేర ప్రసిద్ధమైనది.

తెలుగు రాష్ట్రములు రెండును తమ తమ త్రోవలు త్రొక్కినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబరును కరెంటు స్తంభములపై లాగిరి. 2017 డిసెంబరు 27వ తేదీన దానిని జాతికి అంకితము చేసినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోను మూడును ఇవ్వబడునని ప్రకటింపబడినది. తెలంగాణములో మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకు త్రవ్విన కందకములలోనే ఫైబరు గొట్టమును కూడ వేసిరి. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ మొదటగా చేరిన గ్రామములలో రంగారెడ్డి జిల్లా హాజిపల్లి ఒకటి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మన జేబులోనే ఉన్నది. 2016 సెప్టెంబరులో జియో సేవ మొదలైనప్పుడు అందులో పాత పద్ధతి గొంతు దారి లేనేలేదు. వోల్టీ అనబడు ఆ పద్ధతిలో పిలుపు సిప్ మర్యాదతో, పలుకు ఆర్.టి.పి. మర్యాదతో పోవును. పిదప తక్కిన కంపెనీలును ఈ దారిని త్రొక్కినవి. ఇంటికి ఫైబరు వచ్చిన చోట దానికి తగిలించిన ల్యాండ్‌లైను కూడ ఇట్లే పనిచేయును. చేవెళ్ల తోటలో నిలుచుండి బజారు ధర అడుగు రైతు చేతి ఫోను, కార్యాలయపు బల్లమీది ఫోను, నేడు ఒకే వ్యాకరణమున మాటలాడుచున్నవి.

విడిచినదేమి, కాపాడుకొనవలసినదేమి

ప్రతి లాభమునకు వెల ఉండును. పాత టెలిఫోనుకు విద్యుత్తు ఎక్స్ఛేంజినుండియే, అచ్చటి 48 వోల్టుల బ్యాటరీలనుండి తీగెవెంట వచ్చెడిది. ఊరిలో కరెంటు పోయినను ఫోను పలికెడిది. గాలివాన రాత్రి వైద్యునికొరకు ఫోను చేసినవారికి దాని విలువ తెలియును. ఇంటర్నెట్ ఫోనుకు ఆ అభయము లేదు. కార్యాలయపు యంత్రమునకు కరెంటు పోయినచో ఫోనులన్నియు ఒక్కసారిగా మూగపోవును. 2003లో కంప్యూటరు తీగెవెంటనే విద్యుత్తును పంపు ప్రమాణము వచ్చినది. అదియు 48 వోల్టుల ప్రాంతముననే ఉన్నది. ఆ యంత్రమునకు బ్యాటరీ కట్టినచో పాత సుగుణము కొంతవరకు మరల దక్కును. బ్యాటరీ పెట్టించుట ఇప్పుడు ఎక్స్ఛేంజి బాధ్యత కాదు, మన బాధ్యత. పాఠశాలలో, ఆసుపత్రిలో, మండల కార్యాలయములో ఇట్టి ఫోను పెట్టించు పెద్దలు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇది: కరెంటు పోయినప్పుడు ఇది ఎంతసేపు పలుకును?

రెండవది రహస్యము. మూల ఆర్.టి.పి.లో గొంతు ముక్కలకు తాళము లేదు. నడుమనున్నవాడు ముక్కలను ప్రోగుచేసి వినగలడు. 2004లో తాళము గల ఆర్.టి.పి. ప్రకటింపబడినది, కాని దానిని అమర్చుట వాడువారి శ్రద్ధపై ఆధారపడును.

మూడవది మర్యాదల యాజమాన్యము. సిప్, ఆర్.టి.పి. పత్రములు ఎవరైనను రుసుము లేకుండ చదువదగినవి. అందుచే ఒక కంపెనీ ఫోను మరియొక కంపెనీ సర్వరుతో మాటలాడగలదు. 2003లో పుట్టిన స్కైప్ కోట్లమందిని కలిపినది. కాని దాని మర్యాద యజమానులకే తెలియును. 2025 మే నెలలో అది మూతపడినప్పుడు దానిని వాడువారందరును వేరు చోటు వెదకుకొనవలసివచ్చినది. సిప్ ఫోను గల కార్యాలయము సర్వరు నడుపువారితో సరిపడకున్న వేరొకరి వద్ద పేరు నమోదు చేసికొనవచ్చును. బహిరంగముగా వ్రాయబడిన కట్టుబాటు సామాన్యునికి రక్ష.

కడపట ఉపాధ్యాయులకు ఒక సూచన. తరగతిలో ఒక పొడుగు వాక్యమును 20 చీటీలపై ఒక్కొక్క మాటగా వ్రాసి, వరుస సంఖ్యలు వేయుడు. విద్యార్థులను రెండు మూడు దారులలో నిలిపి చీటీలను చేతులు మార్పించుడు. మొదట, ఒక చీటీ పోయినచో అది దొరకువరకు తరువాతి చీటీని చదువరాదను నియమము పెట్టుడు. పిదప, పోయినదానిని విడిచి వరుసగా చదువుమనుడు. మూడవసారి వరుస సంఖ్యలను కొట్టివేయుడు. మొదటిసారి ఎంత ఆలస్యమగునో, రెండవసారి అర్థము ఎంత నిలుచునో, మూడవసారి ఎంత గందరగోళమగునో వారే చెప్పుదురు. టి.సి.పి., యు.డి.పి., ఆర్.టి.పి. మూడును ఆ గంటలోనే వారికి బోధపడును. ఆ తరువాత వారు ఫోను ఎత్తి "హలో" అన్నప్పుడెల్లను, ఆ చిన్న మాట వెనుక ఎందరి ఆలోచన ఉన్నదో జ్ఞప్తికి వచ్చును.